పాట మనది, వాకిలి వాళ్లది: బ్యాండ్‌క్యాంప్ రెండు అమ్మకాల కేస్ స్టడీ

పాటలు చేసేవాళ్లు నేరుగా శ్రోతలకు అమ్ముకునే సైటు బ్యాండ్‌క్యాంప్‌ను 2022 మార్చిలో వీడియో గేముల కంపెనీ ఎపిక్ గేమ్స్ కొన్నది. 2023 సెప్టెంబర్ 28న ఎపిక్ దాదాపు 830 మంది ఉద్యోగుల్ని తీసేస్తూ, ఆ ప్రకటనలోనే బ్యాండ్‌క్యాంప్‌ను సాంగ్‌ట్రేడర్ అనే మ్యూజిక్ లైసెన్సింగ్ కంపెనీకి అమ్ముతున్నట్టు చెప్పింది. అక్టోబర్ 16 నాటికి బ్యాండ్‌క్యాంప్ సిబ్బందిలో సగం మందికి ఉద్యోగం పోయింది. 19 నెలల్లో రెండు అమ్మకాలు. ఆ సైటులో పాటలు అమ్ముకునేవాళ్ల మాటకు రెండు బేరాల్లోనూ చోటు లేదు. పొలం చేతులు మారితే కౌలుదారుకి ఆఖర్న కబురందుతుంది కదా, అచ్చం అలాగే.

సొంతంగా పాటలు చేసుకునేవాళ్లకు ఇప్పటిదాకా దొరికిన అంగళ్లలో బ్యాండ్‌క్యాంప్ అంత నికార్సయినది అరుదు. ఈ కేసు తీసుకున్నది అందుకే. లెక్క సరిగా చెప్పని సైటు మూతపడితే నేర్చుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. అన్నీ సరిగ్గా నడుస్తున్న అంగడి కూడా ఒక సంతకంతో వేరొకరి చేతికి వెళ్లిందంటే, చూసుకోవాల్సింది కమీషన్ ఒక్కటే కాదని తేలిపోతుంది.

కమీషన్ సంగతి ముందు చెప్పేద్దాం. 2008లో మొదలైన ఈ సైటు డిజిటల్ అమ్మకాల మీద 15 శాతం తీసుకుంటుంది, అమ్మకాలు 5,000 డాలర్లు దాటితే 10 శాతమే. క్యాసెట్లు, రికార్డులు, టీషర్టుల మీద 10 శాతం. చెల్లింపు ఖర్చులు కూడా పోను సగటున 82 శాతం పాటవాళ్లకు చేరుతుందని బ్యాండ్‌క్యాంప్ చెబుతుంది. అంటే 5 డాలర్ల ఆల్బంలో సుమారు 4 డాలర్ల 10 సెంట్లు. కచేరీలన్నీ ఆగిపోయిన 2020లో, మార్చి 20 శుక్రవారం నాడు తన వాటా వదులుకుంటానని ప్రకటిస్తే ఆ ఒక్కరోజులో శ్రోతలు 43 లక్షల డాలర్లు ఖర్చుపెట్టారు. అంత నమ్మకం సంపాదించిన చోటు అది.

అమ్మకాల తర్వాత ఆ రేట్లు మారలేదు. పాటలు పోలేదు. మరి ఏం పోయింది? మనుషులు పోయారు. పాటల గురించి రాసే సంపాదకుల్లో, ఫిర్యాదు వస్తే చూసే సహాయక సిబ్బందిలో చాలామంది వెళ్లిపోయారు. 2023 మేలో ఓటింగ్ జరిపి ఉద్యోగులు సంఘం కట్టుకున్నారు. ఆ సంఘం తరఫున చర్చలకు కూర్చున్న ఎనిమిది మందిలో ఒక్కరికీ కొత్త యజమాని దగ్గర చోటు దక్కలేదు. అంతకుముందు ఎపిక్ చేతిలో ఉన్నప్పుడు ఇంకో ముచ్చట నడిచింది. ఆండ్రాయిడ్ యాప్‌లో అమ్మకాలు తన చెల్లింపు పద్ధతిలోనే జరగాలని గూగుల్ పట్టుబట్టింది. గూగుల్‌తో అప్పటికే కోర్టులో పోరాడుతున్న ఎపిక్, 2022 వేసవిలో బ్యాండ్‌క్యాంప్ తరఫున అదే కోర్టుకెక్కింది. తీర్పు వచ్చేదాకా ఆండ్రాయిడ్ రాబడిలో 10 శాతం పక్కన పెట్టేలా రాజీ కుదిరింది. ఎపిక్ వాదనలో న్యాయం ఉండొచ్చు. కానీ పాటల అంగడి ఇంకెవరి తగువులోనో పావు అయింది, పాటవాళ్లకు అందులో మాట లేదు.

ఫైళ్లే పోయిన చోట్లు

బ్యాండ్‌క్యాంప్ కేసులో పాటలు మిగిలాయి. మిగలని కేసులూ ఉన్నాయి. ఎంపీ3.కాంలో వేలాది స్వతంత్ర గాయకులు పాటలు పెట్టుకున్నారు. 2001లో వివెండీ యూనివర్సల్ దాన్ని కొన్నది, 2003లో పేరును సీనెట్ అనే టెక్ వార్తల కంపెనీకి అమ్మింది, ఆ ఏడాది చివరికి పాత పాటల భాండారం సైటులోంచి మాయమైంది. మైస్పేస్ అనే సోషల్ సైటుది ఇంకా పెద్ద నష్టం. 2018 మొదట్లో అక్కడ పాత పాటల పక్కన ప్లే గుర్తు నొక్కితే ఏమీ మోగడం మానేసింది. పేజీ ఉంది, పాట పేరు ఉంది, బొమ్మ ఉంది, శబ్దం లేదు. సర్వర్లు మార్చే పనిలో ఫైళ్లు పోయాయని 2019 మార్చిలో లోకానికంతా తెలిసింది. 2003 నుంచి 2015 దాకా ఎక్కించినవి, సుమారు 1 కోటీ 40 లక్షల మందివి, 5 కోట్లకు పైగా పాటలు. అంతకుముందు ఒక పరిశోధక బృందం తమ పనికోసం దించిపెట్టుకున్న 4,90,000 పాటలు మాత్రం ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరాయి. నూటికి ఒకటి కూడా కాదు.

మన దగ్గర దెబ్బ వేరే రకంగా తగిలింది. 2020 జూన్ 29న ప్రభుత్వం 59 యాప్‌లను నిషేధించినప్పుడు అందులో టిక్‌టాక్ ఉంది. జానపదాలు పాడి, డప్పు కొట్టి లక్షల మందిని కూడగట్టుకున్న తెలుగువాళ్లకు ఆ లక్షల మందిని మళ్లీ పిలిచే దారి లేకపోయింది. ఫాలోవర్ల ఫోన్ నంబర్లో ఈమెయిళ్లో ఇవ్వడం ఆ యాప్ పద్ధతిలోనే లేదు. పాటలు వినే యాప్ రెస్సో 2024 జనవరి 31న మన దేశంలో సేవలు ఆపింది. అలాంటిదే వింక్ మ్యూజిక్‌ను అదే ఏడాది ఎయిర్‌టెల్ మూసింది. కారణాలు దేనికవే: ఒకచోట అమ్మకం, ఒకచోట నిర్లక్ష్యం, ఒకచోట నిషేధం, ఒకచోట వ్యాపార లెక్క. అన్నిట్లోనూ పాటవాళ్లు కోల్పోయేవి మాత్రం నాలుగే: ఫైలు, గుర్తింపు కోడ్, వినికిడి లెక్క (పాట ఎన్నిసార్లు మోగిందన్నది), శ్రోత చిరునామా. ఒక ప్లాట్‌ఫాంను తూచాల్సింది ఈ నాలుగింటిలో ఎన్నిటిని మూటగట్టుకుని బయటికి రానిస్తుందన్న దాన్నిబట్టి. బ్యాండ్‌క్యాంప్ ఫైలునూ, లెక్కనూ, చిరునామాలు చాలావరకూ ఇస్తుంది. స్పాటిఫై లెక్కే చూపిస్తుంది, వినేవాళ్లెవరో చెప్పదు.

ఫైళ్లు దించుకోవడం

మాస్టర్ అంటే స్టూడియో ఇచ్చిన 24 బిట్ల వేవ్ ఫైలు. 48 కిలోహెర్ట్జ్ స్టీరియోలో నిమిషానికి 17.3 ఎంబీ పడుతుంది. ఐదు నిమిషాల పాటకు 86 ఎంబీ, పది పాటల ఆల్బంకు 860 ఎంబీ. ఫ్లాక్‌గా మార్చుకుంటే శబ్దంలో ఏమీ తగ్గకుండా సుమారు సగానికి దిగుతుంది. వంద పాటలున్నవాళ్ల మొత్తం పని 10 జీబీలోపు డిస్కులో సరిపోతుంది. ఇంట్లో ఒక డిస్కు, ఇంకో ఊళ్లో బంధువుల ఇంట్లో ఒకటి, ఆన్‌లైన్‌లో ఒక కాపీ. మూడూ ఒకే గదిలో ఉంటే మూడు కావు, ఒకటే.

స్టూడియో మూతపడిందనీ, చేతిలో వాట్సాప్‌లో వచ్చిన ఎంపీ3 తప్ప ఏదీ లేదనీ చాలామంది విషయంలో తేలుతుంది. ఆ పాటల్ని అంతకుముందే బ్యాండ్‌క్యాంప్‌లో ఎక్కించి ఉంటే వాళ్లకు దారి ఉంది. అక్కడ వేవ్, ఏఐఎఫ్ఎఫ్, ఫ్లాక్ మాత్రమే ఎక్కించనిస్తారు కాబట్టి ఆ సైటు దగ్గరున్నది నాణ్యమైన ఫైలే. ఖాతాలో నెలకు 200 డౌన్‌లోడ్ కోడ్‌లు ఉచితంగా వస్తాయి. ఆల్బంకు ఒక కోడ్ పుట్టించి, మామూలు శ్రోతలాగా వాడి, ఫార్మాట్ అడిగిన చోట ఫ్లాక్ ఎంచుకుని దించుకోవాలి. ఎంపీ3 ముందే ఎంపికై ఉంటుంది, చూసుకోకుండా నొక్కితే పనంతా వృథా. యూట్యూబ్‌లో మాత్రమే పాట ఉంటే యూట్యూబ్ స్టూడియో పేజీలోని డౌన్‌లోడ్ బటన్ జోలికి పోవద్దు, అది కుదించిన కాపీ ఇస్తుంది. మన ఖాతాలోని డేటా మనకు తిరిగిచ్చే గూగుల్ టేకవుట్‌లో అడిగితే చాలాసార్లు ఎక్కించిన ఫైలే దొరుకుతుంది.

కర్ణాటక సంగీతంవాళ్లకూ, హరికథ, బుర్రకథ చెప్పేవాళ్లకూ ఒక ప్రత్యేకమైన చిక్కు. బ్యాండ్‌క్యాంప్‌లో కొత్త ఖాతాకు ఒక ట్రాక్ 291 ఎంబీ దాటకూడదు. 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ వేవ్ అయితే 17 నిమిషాల్లోపే ఆ గీత దాటిపోతుంది. 45 నిమిషాల రాగం తానం పల్లవి 778 ఎంబీ అవుతుంది, ఫ్లాక్ చేసినా 400 చుట్టూ ఉంటుంది. 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్‌కి దించి ఫ్లాక్ చేస్తే 240 ఎంబీ దగ్గరికి వచ్చి ఎక్కుతుంది. కానీ ఆ పని చేసినవాళ్లు 24 బిట్ల అసలును ఇక అక్కర్లేదనుకుని చెరిపేస్తారు. అక్కడే నష్టం మొదలవుతుంది. అంగట్లో పెట్టేది కాపీ, అసలు ఇంట్లోనే ఉండాలి.

కోడ్‌లు, పేరు స్పెల్లింగ్

ప్రతి రికార్డింగుకూ ఐఎస్‌ఆర్‌సీ అనే 12 అక్షరాల కోడ్ ఉంటుంది. మన దేశంలో వీటిని ఇచ్చేది ఇండియన్ మ్యూజిక్ ఇండస్ట్రీ సంస్థ. చాలామందికి డిస్ట్రిబ్యూటరే, అంటే పాటను స్ట్రీమింగ్ సేవలకు చేరవేసే కంపెనీయే, ఉచితంగా తగిలిస్తుంది. ఎవరిచ్చినా ఆ కోడ్ జీవితాంతం ఆ రికార్డింగుదే. డిస్ట్రిబ్యూటర్ మారితే కోడ్ మారాల్సిన పని లేదు. ఇది తెలియకనే ఏళ్ల తరబడి కూడిన వినికిడి లెక్క ఒక్కరోజులో సున్నా అవుతుంది.

మార్చే వరుస ఇలా ఉండాలి. పాత డిస్ట్రిబ్యూటర్ పేజీలోంచి ప్రతి పాట ఐఎస్‌ఆర్‌సీ, ప్రతి ఆల్బం యూపీసీ (ఆల్బంకు ఉండే బార్‌కోడ్ నంబర్), విడుదల తేదీ, పాట పేరు, గాయకుల వరుస, రచయిత, స్వరకర్త ఒక ఎక్సెల్ షీటులో రాసుకోవాలి. కొత్తచోట పాట ఎక్కించేటప్పుడు 'నా దగ్గర కోడ్ ఉంది' అన్నది ఎంచుకుని పాతదే ఇవ్వాలి. ఖాళీగా వదిలితే కొత్త కోడ్ పుడుతుంది. ఆడియో అదే ఫైలు కావాలి. పనిలో పనిగా మాస్టరింగ్ బాగుచేద్దామని కొత్త ఫైలు పెడితే, నిడివి రెండు సెకన్లు మారినా సేవలు దాన్ని వేరే రికార్డింగుగా చూడొచ్చు. పాట రెండుచోట్ల నుంచీ ఒకటి రెండు వారాలు కలిసి నడవనివ్వాలి. పాత లెక్క కొత్త కాపీ మీదికి వచ్చిందని కళ్లతో చూశాకే పాతదాన్ని తీసేయమని అడగాలి. ముందు తీసేసి తర్వాత ఎక్కిద్దామనుకున్నవాళ్లకు ప్లేలిస్టుల్లో చోటు పోతుంది, తిరిగి రాదు. ఏటా చందా కట్టే డిస్ట్రిబ్యూటర్ అయితే షరతులు చదవాలి. చందా ఆగిన రోజున పాటలు దిగిపోయే పద్ధతి చాలాచోట్ల ఉంది.

తెలుగు పేర్లకు ఇంకో తలనొప్పి. శ్రీనివాస్, లక్ష్మి, సాయి లాంటి పేర్లు ఇంగ్లిష్‌లో నాలుగైదు రకాలుగా రాస్తాం. ఒక విడుదలలో ఒక స్పెల్లింగ్, ఇంకోదానిలో మరొకటి వాడితే ఒక్క గాయనికి రెండు పేజీలు పుడతాయి. లేదంటే అదే పేరున్న వేరే గాయని పేజీలో మన పాట చేరుతుంది. స్పెల్లింగ్ ఒకటి ఖాయం చేసుకుని, ఇంటిపేరో ఊరిపేరో కలిపి, ప్రతి విడుదలకూ ఆ సేవల్లోని ఆర్టిస్ట్ లింకును జతచేయాలి. పాట ఎక్కిన తర్వాత దిద్దుకోవడానికి వారాలు పడుతుంది.

శ్రోత చిరునామా

అన్నిటికన్నా ముఖ్యం ఇదే, జనం ఎక్కువగా వదిలేసేదీ ఇదే. బ్యాండ్‌క్యాంప్‌లో ఆల్బం కొన్న మనిషి ఒప్పుకుంటే ఈమెయిల్ మనకు చేరుతుంది. మెయిలింగ్ లిస్టును సీఎస్‌వీ ఫైలుగా (ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టికగా) దించుకోవచ్చు, అమ్మకాల చిట్టా కూడా అలాగే వస్తుంది. నెలకోసారి, ఒకటో తారీకున, దించి డిస్కులో వేసుకోవాలి. 2023 అక్టోబర్‌లో సగం సిబ్బంది పోయినట్టు వార్త వచ్చినప్పుడు ఈ ఫైలు ముందే ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ తేడా చాలా పెద్దది. ఫాలో బటన్ నొక్కినంత మాత్రాన ఆ మనిషి మనకు చిక్కినట్టు కాదు. ఆ తాడు సైటు చేతిలో ఉంటుంది.

తెలుగు శ్రోతల్లో ఈమెయిల్ తెరిచేవాళ్లు తక్కువ, వాట్సాప్ చూడనివాళ్లు తక్కువ. కచేరీ అయిపోయాక గుమ్మం దగ్గర ఒక క్యూఆర్ అట్ట, ఒక నోటు పుస్తకం, ఒక పెన్ను పెడితే ఆ పూట వచ్చే నంబర్లు నెలంతా రీల్స్ పెట్టి సంపాదించినదానికన్నా గట్టివి. పేరు, ఊరు, నంబర్, 'కొత్త పాట వస్తే చెప్పొచ్చా' అన్నదానికి టిక్కు. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టుకు 256 మందే పడతారు, అదీ మన నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే సందేశం చేరుతుంది. అందుకే అక్కడికక్కడ మన నంబర్ సేవ్ చేయించాలి. వాట్సాప్ కూడా పెద్ద కంపెనీదే అనొచ్చు. నిజమే, కానీ ఫోన్ నంబర్ ఏ యాప్‌లోకైనా మోసుకుపోగలిగినది.

సొంత వాకిలి

డొమైన్ పేరుకు ఏడాదికి వెయ్యి రూపాయలు అటూ ఇటూ. పాటవాళ్ల సొంత పేరు మీద, సొంత ఈమెయిల్ మీద కొనాలి. సైటు చేసిపెట్టిన కుర్రాడి ఖాతాలో ఉన్న డొమైన్ కూడా ఇంకొకరి వాకిలే. 2021 అక్టోబర్ నుంచి రిజర్వ్ బ్యాంకు ఈ-మాండేట్ నిబంధనల వల్ల విదేశీ కంపెనీలకు ఆటోమేటిక్ చెల్లింపులు తరచూ ఆగుతున్నాయి. రెన్యూవల్ దానంతట అదే అవుతుందని కూర్చుంటే పేరు చేజారుతుంది. వీలైతే ఐదేళ్లకు ఒకేసారి కట్టేయడం మేలు.

సైటుకు వర్డ్‌ప్రెస్ లాంటి బరువైనది అక్కర్లేదు. ఫెయిర్‌క్యాంప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఒక్కో ఆల్బంను ఒక్కో ఫోల్డర్లో, ముఖచిత్రంతో సహా పెట్టి ఆ ఫోల్డర్ మీద దీన్ని నడిపితే ప్లేయర్, ఆల్బం పేజీలు, డౌన్‌లోడ్ ఫైళ్లు అన్నీ మామూలు వెబ్ పేజీలుగా తయారై వస్తాయి. వాటిని ఏ చవక హోస్టింగ్‌లోనైనా ఎక్కించుకోవచ్చు. డేటాబేస్ లేదు కాబట్టి ఎవరో చొరబడి పాడుచేసే భయం బాగా తగ్గుతుంది. కంప్యూటర్లో ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఆడియో మార్పిడి సాఫ్ట్‌వేర్ ముందే ఉండాలి, లేకపోతే పాటలు మార్చే చోట ఆగిపోతుంది. డౌన్‌లోడ్‌కు కోడ్ పెట్టుకోవచ్చు గానీ అది గట్టి తాళం కాదు. లింకు తెలిసినవాళ్లు ఇంకొకరికి ఇవ్వగలరు. హోస్టింగ్‌లో డేటా పరిమితి చూసుకోవాలి: 128 కేబీపీఎస్‌లో ఐదు నిమిషాల పాట 4.8 ఎంబీ, వెయ్యి సార్లు మోగితే 4.8 జీబీ.

డబ్బు తీసుకోవడమే అసలు ముడి. 2021 ఏప్రిల్ 1 నుంచి పేపాల్ మన దేశం లోపలి చెల్లింపులు ఆపేసింది. అందువల్ల పేపాల్ మీద నడిచే అంగట్లో డల్లాస్‌లో ఉన్న తెలుగు అభిమాని మన పాట కొనగలడు, గుంటూరులో ఉన్నవాడి పేపాల్ ఖాతా పనికిరాదు. కాబట్టి రెండు కిటికీలు పెట్టాలి. బయటి దేశాలవాళ్లకు బ్యాండ్‌క్యాంప్, ఇక్కడివాళ్లకు సొంత సైటులో యూపీఐ. మొత్తం ముందే నింపిన క్యూఆర్, చెల్లించేటప్పుడు నోట్‌లో ఆల్బం కోడ్, ఆ తర్వాత వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్. బ్యాంకు చిట్టాలో డబ్బు కనబడ్డాకే లింకు పంపాలి, స్క్రీన్‌షాట్ నమ్మి పంపొద్దు. రోజుకు పది ఆర్డర్లదాకా ఇది చేత్తోనే సాగుతుంది. అది దాటితే పేమెంట్ గేట్‌వే తీసుకోవాలి.

సాంగ్‌ట్రేడర్ అమ్మకం తర్వాత సభ్యులే యజమానులుగా ఉండే సబ్‌వర్ట్ లాంటి సహకార ప్రయత్నాలు మొదలయ్యాయి. మిర్లో అనే ఓపెన్ సోర్స్ అంగడీ ఉంది. ఇవి బతకాలి, వీటిలో చేరాలి. చేరేముందు వీటికీ అదే తూకం: ఫైలు, కోడ్, లెక్క, చిరునామా బయటికి వస్తాయా?

స్ట్రీమింగ్‌ను ఏం చేయాలి

వదిలేయక్కర్లేదు. కొత్త శ్రోత దొరికేది అక్కడే, సొంత సైటు కొత్త మనిషిని తెచ్చిపెట్టదు. రాబడి మీద ఆశ మాత్రం తగ్గించుకోవాలి. 2024 నుంచి స్పాటిఫైలో ఒక పాట 12 నెలల్లో 1,000 సార్లు మోగకపోతే రికార్డింగ్ రాయల్టీ లెక్కలోకే రాదు. ఆ వెయ్యి కోసం డబ్బిచ్చి ప్లేలిస్టుల్లో పెట్టించుకుంటే ఇంకా ప్రమాదం. వాటిలో బాట్ల (మనుషులు కాని ప్రోగ్రాముల) వినికిడి పట్టుబడితే డిస్ట్రిబ్యూటర్ మీద జరిమానా పడుతుంది, అది తిరిగి పాటవాళ్ల మెడకు చుట్టుకుంటుంది, పాటా దిగిపోతుంది.

మన పాటను ఇతరుల వీడియోల్లో వెతికి పట్టుకునే యూట్యూబ్ కంటెంట్ ఐడీలో జానపదాలు చేర్చేటప్పుడు జాగ్రత్త. ఊరంతా పాడుకునే బాణీ ఎవరి సొత్తూ కాదు, ఒకరి రికార్డింగు మాత్రమే వారిది. రెడీమేడ్ తంబూర లూపు, అందరికీ అమ్మే డప్పు శాంపిల్ మీద కట్టిన పాటను అందులో చేరిస్తే, అదే లూపు వాడిన పక్కవాళ్ల వీడియోలమీద మన పేరుతో క్లెయిములు పడతాయి. మన మీదే పడితే డిస్ప్యూట్ వేయాలి. అవతలివాళ్లకు 30 రోజుల గడువు ఉంటుంది. స్టూడియోలో పాడిన రోజు ప్రాజెక్ట్ ఫైలు, విడి ట్రాకులు దాచి ఉంటే వాదన నిలబడుతుంది. అవీ ఆ డిస్కులోనే, మాస్టర్ పక్కన, పాట పేరుతో ఉన్న ఫోల్డర్లో ఉండాలి.

ఏడాదికోసారి, ఉగాది నాడు అనుకున్నా సరే, బీరువాలోంచి రెండో డిస్కు తీసి వేరే కంప్యూటర్‌కు తగిలించి ఒక పాత పాటను మొదటి నుంచి చివరిదాకా వినాలి. ఫోల్డర్ కనబడటం చాలదు, మైస్పేస్‌లోనూ పేజీలు కనబడ్డాయి. ఆ తర్వాత జాబితాలోంచి పదిమందికి ఒక సందేశం పంపి, ఎన్ని నంబర్లు ఇంకా పనిచేస్తున్నాయో ఆ షీటులోనే తారీకు వేసి రాసుకోవాలి.